చలాన్ పేరుతో ఏపీకే: ‘ఏమీ తెరుచుకోలేదు’ అంటేనే అనుమానించాలి

ప్రశ్న: నేను నల్గొండ నుంచి రోజూ బైక్‌పై నకిరేకల్ వెళ్లి వచ్చే ఉద్యోగిని. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సహోద్యోగి నంబరు నుంచి ‘ఆర్టీవో చలాన్’ అనే ఫైల్ వచ్చింది. నా బండి మీద ఫైన్ పడిందేమోనని తెరిచి, అడిగిన వాటన్నింటికీ ‘అలో’ నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు, ఐకాన్ కూడా కనిపించడం లేదు. తాను పంపలేదని సహోద్యోగి అంటున్నారు. ఫోన్‌కు ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. మీరు తెరిచింది ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్. ముందుగా వైఫైతో సహా నెట్ ఆపేసి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట పాఠకుల నుంచీ ఇదే ఫిర్యాదు పదే పదే వస్తోంది, ప్రతిదానిలోనూ ‘ఏమీ తెరుచుకోలేదు’ అన్న మాట ఉంటోంది. ఈ తరహా యాప్ పని మొదలుపెట్టేదే ఐకాన్‌ను దాచుకున్న తర్వాత. మీరిచ్చిన అనుమతులతో అది ఎస్ఎంఎస్‌లు చదువుతుంది, బ్యాంకు ఓటీపీ మీ కంట పడకముందే అవతలివారికి చేరవేస్తుంది, మీ కాంటాక్టులకూ గ్రూపులకూ తనను తానే పంపుకుంటుంది. మీ సహోద్యోగి నిజమే చెబుతున్నారు. నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఇదే: తెలిసిన నంబరు నుంచి వచ్చిందన్న ఒక్క భరోసాతోనే జాగ్రత్తపరులు కూడా దీన్ని నొక్కేస్తున్నారు.

వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. రిజర్వ్ బ్యాంకు 2017 నాటి నిబంధనల ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా ఖాతాదారు నష్టమే. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. కాబట్టి ఇంట్లోవాళ్లు ఏమంటారోనని ఒక పూట ఆలస్యం చేసినా ఆ భారం మీ మీదే పడుతుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని యాప్‌ల పూర్తి జాబితాలో వెతికి దాన్ని తొలగించండి. తొలగకపోతే, ఫోన్‌పై దానికి అదనపు అధికారమిచ్చే ‘డివైస్ అడ్మిన్’ అనుమతిని సెట్టింగ్స్‌లో తీసేసి మళ్లీ ప్రయత్నించండి. నా సలహా మాత్రం ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయడమే. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు ఆ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో మార్చండి.

చలాన్ ఎప్పుడూ యాప్ రూపంలో రాదు. టీఎస్ 05 బండి అయినా, కొత్త టీజీ 05 బండి అయినా, పోలీసుశాఖ ఈ-చలాన్ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి నంబరు కొట్టి చూసుకోవాలి.

ఫోన్ల రూపకల్పన మీదా నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక్కసారి వాట్సాప్‌కు ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతి ఇచ్చామంటే, మనం వెళ్లి తీసేసే దాకా అది అలాగే ఉండిపోతుంది. ఇంత ప్రమాదకరమైన అనుమతి ఆ ఒక్క ఇన్‌స్టాల్‌తోనే రద్దయిపోవాలి. అంతకంటే పెద్ద తప్పు ఆఫీసులది. హాజరు యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టకుండా ఏపీకేగా గ్రూపులో వేసి, సాయంత్రంలోగా ఇన్‌స్టాల్ చేసుకోవాలని హుకుం జారీ చేసే అధికారులే సిబ్బందికి ఈ అలవాటు నేర్పుతున్నారు. మోసగాడు దాన్నే వాడుకుంటున్నాడు.

మీ గ్రూపు అడ్మిన్‌తో మాట్లాడి ఆ ఫైల్‌ను అందరికీ డిలీట్ చేయించండి. ఆ సౌకర్యం అడ్మిన్లకు ఉంది. ఇప్పటికే తెరిచినవారు ఎవరో గ్రూపులో అడిగితే చెప్పరు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోండి.