కుడిచేయి ఎత్తిన రోజు, కార్డు ఎత్తిన రోజు

జాన్ లాక్ వంటి తత్వవేత్తల ప్రభావం అమెరికా పౌరసత్వ భావన మీద నిజంగా ఉందా, లేక అది పాఠ్యపుస్తకాల మాటేనా అని ఒకరు అడిగారు. ఉంది. అమెరికా పౌరసత్వ ప్రమాణానికి కుడిచేయి ఎత్తిన రోజున అది నాకు స్వయంగా తెలిసింది.

ఒక దేశపు రహదారి మీద నడిచినవాడు ఆ దేశ చట్టానికి మౌనంగా ఒప్పుకున్నట్టేనని, అయితే నోరు తెరిచి మాట ఇస్తే తప్ప ఆ సమాజంలో సభ్యుడు కాడని లాక్ 1689లో వాదించాడు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద పన్నులు కడుతూ గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్లు ఎదురుచూసిన నేను అచ్చంగా ఆ రహదారి మీది మనిషినే. ఇక్కడ పుట్టినవారికి 1868 నాటి పద్నాలుగో సవరణ పుట్టుకతోనే పౌరసత్వం ఇస్తుంది కనుక, లాక్ కోరినట్టు మాట ఇచ్చేది వలస వచ్చిన మేమే. ఆ మాట ఇస్తామన్నా పుచ్చుకోని రోజులూ ఉన్నాయి. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌ను తెల్లవాడు కాదంటూ సుప్రీంకోర్టు 1923లో పౌరసత్వం ఇవ్వకుండా తిప్పి పంపింది. భారతీయులకు ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు. ఒప్పుకుని మాట ఇస్తేనే సభ్యత్వమనే లాక్ సమ్మతి సిద్ధాంతాన్ని పొగిడేవారు ఈ సంగతి ఎత్తరు.

అయితే నన్ను పౌరుడిని చేసింది ప్రమాణం కాదు, మసాచుసెట్స్‌లోని మా చిన్న ఊరి టౌన్ మీటింగ్. ఓటరుగా నమోదైన ఎవరైనా వెళ్లి మాట్లాడి, చేతిలోని రంగు కార్డు ఎత్తి ఊరి బడ్జెట్‌ను తేల్చే సభ అది. ఆ రాత్రి హైస్కూల్ జిమ్‌లో మంచు తీసే ట్రక్కు గురించి గంటన్నర వాదన నడిచింది. పాత ట్రక్కు ఇంకో రెండేళ్లు నడుస్తుందని చెప్పడానికి వణుకుతూ మైకు దగ్గరకు వెళితే, అధ్యక్షురాలు అడిగినవి రెండే: నా పేరు, నేనుండే వీధి. ఏ దేశం నుంచి వచ్చారనే ప్రశ్న వినకుండా నేను ఈ దేశంలో మాట్లాడిన మొదటి సభ అదే. విద్యకు ప్రాథమిక పాఠశాలలు ఎలాంటివో స్వేచ్ఛకు ఈ ఊరి సభలు అలాంటివని, 1831లో ఈ దేశం చూడవచ్చిన ఫ్రెంచి రచయిత టాక్విల్ ఊరికే అనలేదు. మన తెలుగు సంఘాల్లోనైతే బడ్జెట్ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది, ఎందుకంటే అవతల భోజనాల వరుస మొదలై ఉంటుంది.

నా వాదన చిత్తుగా ఓడిపోయింది. ఆ డిసెంబరులో మా వీధి మంచును తీసింది కొత్త ట్రక్కే.