టెక్ సందేహాలు: ‘హైడ్’ చేసిన కాలమ్ ఎక్కడికీ పోదు

ప్రశ్న: విజయవాడలో నలుగురం కలిసి చిన్న డేటా సంస్థ నడుపుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల పదేళ్ల ఎఫ్‌ఐఆర్ వివరాలను శుభ్రం చేసి, విశ్లేషణకు అనువుగా సిద్ధం చేసి ఇమ్మని ఒక పరిశోధన బృందం అడిగింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే మేలు? పేర్ల కాలమ్‌ను హైడ్ చేసి, ఫోన్ నంబర్లను హ్యాష్ చేసి (ఒక సూత్రం ప్రకారం గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి) ఇస్తే సరిపోతుందా? నమూనాగా ఒక ఫైలు జత చేస్తున్నాం.

జవాబు: కొద్దిపాటి తేడాలతో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ మొదటి మాట సాఫ్ట్‌వేర్ గురించే ఉంటుంది, భద్రత గురించిన మాట చివర్లో, మొక్కుబడిగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు, కాని చేసిన ప్రతి మార్పూ కోడ్ రూపంలో నమోదై ఉండాలి, మూల ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. చేత్తో గడి గడినీ దిద్దుకుంటూ పోయేవారికి ఆరు నెలల తరువాత పరిశోధకులు ‘ఈ అంకె ఎందుకు మారింది?’ అని అడిగితే చెప్పడానికి సమాధానం ఉండదు.

మీరు జత చేసిన నమూనానే చూడండి. క్రైమ్ నంబరు 5/2023 అని ఉండవలసిన గడిలో మే 2023 అని ఉంది. ఆ పని మీరు చేసింది కాదు, ఫైలు తెరవగానే స్ప్రెడ్‌షీట్ తనంతట తాను చేసింది. 12/2023 డిసెంబరుగా మారుతుంది, పదమూడో నెల లేదు కాబట్టి 13/2023 మాత్రం ఉన్నట్టే ఉండిపోతుంది. అంటే ప్రతి స్టేషన్‌లో ప్రతి సంవత్సరమూ మొదటి 12 కేసుల నంబర్లు చడీచప్పుడు లేకుండా చెడిపోతాయి, వాటిని చార్జిషీటుతోనో కోర్టు రికార్డుతోనో జతపరచబోయినప్పుడు అవి దొరకవు. అడగకుండా సాయం చేసే ఈ గుణాన్ని సౌకర్యంగా భావించి రూపొందించినవారిని ఒక్క రోజు పోలీస్ స్టేషన్ రైటర్ పక్కన కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ప్రకటించిన తరువాతే ఫైలును దిగుమతి చేసుకోండి.

సెక్షన్ల విషయంలో ఇంతకంటే పెద్ద గొయ్యి ఉంది. 2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఐపీసీలో 302 హత్య, సంహితలో హత్యకు శిక్ష 103లో ఉంది, అక్కడి 302 మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. పాత 304 హత్యగా పరిగణించని ప్రాణహరణం, కొత్త 304 గొలుసు దొంగతనాల వంటి స్నాచింగ్. సెక్షన్ సంఖ్యను మాత్రమే పట్టుకుని వర్గీకరించే కోడ్ గొలుసులు లాక్కుపోయినవారిని ప్రాణహరణం జాబితాలో చేర్చి, ఏ హెచ్చరికా లేకుండా పని ముగిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నమోదు తేదీని బట్టి చట్టాన్ని ఊహించడమూ తప్పే, ఎందుకంటే జులై 1కి ముందు జరిగిన నేరాన్ని ఆ తరువాత నమోదు చేసినా దానికి ఐపీసీయే వర్తిస్తుంది. చట్టం పేరు ఉన్న కాలమ్‌ను సెక్షన్ నుంచి ఎన్నడూ విడదీయకండి.

జిల్లాల సంగతి మీకు తెలిసిందే: తెలంగాణ 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 13 నుంచి 26కి వెళ్లాయి కాబట్టి స్టేషన్ స్థాయిలోనే పోల్చండి. ‘కొత్తపేట’ అన్న ఒక్క మాట చూసి మ్యాప్‌పై చుక్క పెట్టే పనిముట్టును నమ్మకండి, హైదరాబాద్‌లో, గుంటూరులో, మీ విజయవాడలో, కోనసీమలో కూడా కొత్తపేట ఉంది. అర్ధరాత్రి 00:00 గంటలకు నేరాలు విపరీతంగా కనిపిస్తే అది సమయం తెలియక పెట్టిన సున్నా కావచ్చు. మీ మొత్తాలు జాతీయ నేర గణాంకాల సంస్థ పట్టికలతో సరిపోలకపోతే కంగారుపడి దిద్దవద్దు, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలున్నప్పుడు ఆ సంస్థ వాటిలో తీవ్రమైన నేరాన్ని మాత్రమే లెక్కిస్తుంది.

ఇక నా నిద్ర చెడగొట్టే విషయానికి వస్తాను. హైడ్ అన్నది కంటికి సంబంధించిన సదుపాయమే తప్ప భద్రతకు సంబంధించినది కాదు, రెండు క్లిక్‌లతో ఆ కాలమ్ తిరిగి వచ్చేస్తుంది. 2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ, ఏ హోదాలో ఎందరు ఉన్నారన్న సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా ఒక స్ప్రెడ్‌షీట్ విడుదల చేసింది. అడిగినది అంకెలు మాత్రమే. కాని కనిపించకుండా మిగిలిపోయిన మరో షీట్‌లో 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, పేర్ల మొదటి అక్షరాలు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నాయి. పోలీసు ఉద్యోగమని ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోలేని ప్రాంతం అది. ఫైలు రెండు గంటలకు పైగా ఇంటర్నెట్‌లో ఉంది, ఆ శాఖకు 7.5 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అదే నెలలో ఇంగ్లండ్‌లోని నార్ఫక్, సఫక్ పోలీసులు నేర గణాంకాలతో పాటు ముడి వివరాలు కూడా ఫైళ్లలో ఉండిపోయాయని ఒప్పుకున్నారు.

షీట్‌ను పూర్తిగా తొలగించినా ముప్పు తప్పిందనుకోకండి. వరుసలను కూడి సారాంశంగా చూపే పివట్ టేబుల్ తన వెనుక మూల వివరాల ప్రతిని దాచుకుంటుంది. మొత్తం చూపించే అంకెపై రెండుసార్లు నొక్కితే ఆ అంకె వెనుకనున్న వరుసలన్నీ కొత్త షీట్‌లో పరుచుకుంటాయి. మీ నమూనాలో ‘మొత్తం’ గడిపై నేను అదే చేశాను, ఫిర్యాదుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వచ్చి కూర్చున్నాయి.

ఫోన్ నంబర్ల హ్యాష్ కూడా అంతే. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, అంటే ఉండగలిగినవన్నీ కలిపినా 400 కోట్లు. వాటన్నింటికీ హ్యాష్‌లు లెక్కగట్టి మీ పట్టికతో పోల్చడానికి సాధారణ కంప్యూటరే చాలు. విశ్లేషణకు నంబరు అవసరం లేకపోతే తీసేయండి. ఒకే మనిషిని పలు కేసుల్లో గుర్తించడం తప్పనిసరి అయితే యాదృచ్ఛిక సంఖ్యలు కేటాయించి, ఆ జత పట్టికను మీ దగ్గర విడిగా ఉంచుకోండి, ఎవరికీ పంపకండి.

‘ఎఫ్‌ఐఆర్‌లు ఎలాగూ వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా’ అని కొందరు నాతో వాదిస్తారు. 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, లైంగిక నేరాల వంటి సున్నితమైనవాటిని మినహాయించిందన్నదీ నిజమే. అయితే ఒక్కొక్కటిగా వెతికి చూసే కాగితం వేరు, పదేళ్ల కాగితాలను ఒకేసారి వెతకగల పట్టిక వేరు. పైగా అత్యాచార బాధితుల పేరునే కాక, వారెవరో తెలియజేసే ఏ వివరాన్ని ప్రచురించినా న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. పేరు తీసేసి, ఊరు, తేదీ, వయసు, నిందితుడు మేనమామ అన్న మాట అలాగే ఉంచితే ఆ ఊళ్లో ఎవరికి తెలియదు? ఇంగ్లండ్, వేల్స్ నేరపటంలో ప్రతి నేరాన్నీ ముందే నిర్ణయించిన సమీప బిందువుకు జరుపుతారు, ఆ బిందువు పరిధిలో కనీసం 8 చిరునామాలైనా ఉండాలి, లేదా ఒక్కటీ ఉండకూడదు. మన పల్లెల్లో ఊరి పేరుకు బదులు మండలం పేరు ఇవ్వడం అలాంటి జాగ్రత్తే.

పరిశోధకులకు ఎక్సెల్ ఫైలు కాక కొత్తగా ఎగుమతి చేసిన సీఎస్‌వీ (గడులను కామాలతో వేరుచేసిన సాదా టెక్స్ట్ ఫైలు) ఇవ్వండి, అందులో పివట్, దాగిన షీట్ ఉండే అవకాశమే లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను ఉచిత ఆన్‌లైన్ కన్వర్టర్లలోకి ఎక్కించకండి. మీరు నాకు పంపిన ఫైలును తొలగించాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. మీ ‘సెంట్’ ఫోల్డర్‌లోనూ దాన్ని తొలగించి, నాతో పాటు అదే నమూనాను ఇంకెవరెవరికి పంపారో ఈ రోజే వెతకండి.