ఓడ పగిలిన చోట మొదలుపెట్టు

హనుమకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. సముద్రం దాటి వచ్చిన వర్తకుల బృందం గణపతిదేవుడి కొలువులో వ్యాపారానికి మాట తీసుకుని వెళ్ళడం మంచి వస్తువు. మన ఓరుగల్లు మీద యుద్ధాల కథలు చాలా వచ్చాయి, బేరాల కథలు తక్కువ. దీన్ని మాత్రం వదిలిపెట్టకు.

ముందు ఒక తప్పు దిద్దుకో. ఆ బృందం తిరిగి వెళ్తూ మిరపకాయల బస్తాలు కొన్నదని రాశావు. మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్ళు వచ్చేదాకా మన దేశానికి తెలియదు. కాకతీయుల నాటి కారం మిరియాలదే. ఎనుమాముల మార్కెట్ చూస్తూ పెరిగినవాళ్ళం కదా, మిరప లేని ఓరుగల్లు ఊహకు రాదు.

కొలువు వర్ణనకు మూడు పేజీలు ఇచ్చావు. వర్తకులు మాత్రం "ఇరు రాజ్యాల మైత్రి వర్ధిల్లాలి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. అంత దూరం వచ్చినవాళ్ళు అడిగేది అదేనా? వాళ్ళకు ఏం కావాలో కాకతీయుల నాటి ఓడరేవు మోటుపల్లిలోని శాసనం చెబుతుంది. గణపతిదేవుడు 1244-45లో వేయించినది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు లాక్కునేవాళ్ళట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతో, సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదిలేస్తున్నామని ఆయన అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. శ్రీగంధం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, ఏ సరుకుకు ఎంతో కూడా అందులోనే ఉంది. అది మొదటిసారి చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను. బతికి ఒడ్డున పడ్డ మనిషి, తన సరుకు రాజభటులు మోసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డట్టే కనిపించింది. నీ బృందంలో ఒకడికైనా ఆ అనుభవం ఉండాలి. కథ అతని దగ్గర మొదలుపెట్టు.

బేరం మాటలు పట్టుబడకపోతే ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఎనుమాములకు వెళ్ళు. కొనేవాడు కాయ విరిచి చూస్తున్నంతసేపు రైతు మాట్లాడడు. తాలు ఎంత తీస్తాడో, ధర ఎంత చెబుతాడో అని ఆయన కళ్ళు ఆ వేళ్ళ మీదే ఉంటాయి. రాజు నోరు తెరిచేదాకా నీ వర్తకుల పెద్దను అలా నిలబెట్టు.

తిరగరాసి ఉగాదిలోపు తీసుకురా. శాసనం పాఠం నా దగ్గరుంది, కూర్చుని కలిసి చదువుదాం.

ప్రేమతో,
అన్న