రెప్పల ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

సుజాతా,

ఆశీస్సులు. పాప పెళ్లిలోపు పైరెప్పలకు ఆపరేషన్ చేయించుకుంటానన్నావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. కంటి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని, నాకు తెలిసింది వివరంగా రాస్తేనే మనసు కుదుటపడుతుంది. వద్దనడానికి కాదమ్మా. ఈ వయసులో రెప్ప చర్మం వదులై చూపుకు అడ్డం పడుతుంటే తీయించుకోవడంలో తప్పేమీ లేదు.

ముందు అసలు జారింది ఏమిటో తేలాలి. అద్దం ముందు నిలబడి కనుబొమను వేలితో కాస్త పైకెత్తి చూడు. కన్ను విచ్చుకుంటే, దిగింది కనుబొమ కావచ్చు. అలాంటప్పుడు రెప్ప చర్మం మాత్రం కోస్తే కనుబొమ ఇంకా కిందికి దిగే ప్రమాదం ఉంది. రెప్పను ఎత్తే కండరం బలహీనపడితే చేసే ఆపరేషన్ వేరు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి రెప్ప వాలిపోతుంటే మాత్రం కత్తి జోలికి పోకుండా న్యూరాలజిస్టును కలవాలి. కళ్ల కింద నలుపు కూడా పోతుందని ఎవరైనా అంటే నమ్మకు. కొవ్వు ఉబ్బితే సరిచేయగలరు కానీ, చర్మం రంగు ఆపరేషన్‌తో పోదు. మనవాళ్లు చాలామంది ఆ ఆశతోనే వస్తారు.

నాకు అన్నిటికంటే భయం, కన్ను మూసుకోకపోవడం. మా వార్డుకు ఒకావిడ వచ్చింది. వేరేచోట చర్మం ఎక్కువ కోసేశారు. గాఢనిద్రలో ఉన్నా రెప్పల మధ్య సన్నగా తెల్లగుడ్డు కనిపించేది. రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్పకు టేపు అంటించేవాళ్లం. అయినా తెల్లారేసరికి కన్ను ఎర్రబడి, ఇసుక పడ్డట్టు ఉందనేది. చాలకపోతే తర్వాత ఇంకొంచెం తీయవచ్చు, ఎక్కువ తీసేస్తే సరిచేయడం కష్టం. కనుబొమకూ రెప్ప వెంట్రుకలకూ మధ్య దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలని సర్జన్లు లెక్కేసుకునేది అందుకే. తక్కువ కోస్తానన్న డాక్టరు మీదే నాకు గురి.

నువ్వు రోజంతా కంప్యూటరు ముందుంటావు, కళ్లు మండుతున్నాయని అంటూనే ఉంటావు. అందుకే కన్నీటి పరీక్ష తప్పకుండా చేయించుకో. కింది రెప్పలో చిన్న కాగితపు ముక్క పెట్టి 5 నిమిషాలు ఉంచుతారు, అంతే. థైరాయిడ్ ఉన్నా, కళ్లజోడు పోవడానికి చేసే లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకుని ఉన్నా దాచకుండా చెప్పు. ఆస్పిరిన్, చేపనూనె గుళికలు, విటమిన్ ఇ కూడా చెప్పాల్సినవే, రక్తస్రావం పెరగొచ్చు. అలాగని ఆస్పిరిన్ నీ అంతట నువ్వు ఆపేయకు, రాసిచ్చిన డాక్టరును అడుగు. బీపీ అదుపులో ఉండాలి.

బ్యూటీ క్లినిక్ బోర్డు చూసి వెళ్లొద్దు. కంటి డాక్టరై ఆక్యులోప్లాస్టీలో, అంటే రెప్పలకూ కంటి చుట్టూ చేసే సర్జరీలో శిక్షణ పొందినవారో, ఎంసీహెచ్ అనే పై స్థాయి సర్జరీ డిగ్రీ చేసిన ప్లాస్టిక్ సర్జనో అయి ఉండాలి. ఆపరేషన్ రోజు అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో ముందే అడుగు. వాపు, కమిలిన మచ్చలు మామూలే. కానీ తీవ్రమైన నొప్పితో కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకూడదు. చాలా అరుదే, కానీ కంటి వెనక రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు.

కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. కమిలింది తగ్గడానికి రెండు వారాలు పడుతుంది, రెప్ప అసలు ఆకారానికి రావడానికి కొన్ని నెలలు. కాటుక, లెన్సులు డాక్టరు సరేననే వరకు ముట్టుకోకూడదు. పెళ్లి మాఘంలో కదా, దసరా దాటితే ఇక పెళ్లయ్యాకే పెట్టుకో. పెళ్లి పనుల్లో పొగ, నిద్రలేమి, టెన్షన్, ఇవన్నీ పచ్చి గాయానికి పనికిరావు. ఇన్సూరెన్స్ వాళ్లు అందం కోసమైతే డబ్బివ్వరు. చూపుకు అడ్డమని పరీక్షలో తేలితే పాలసీని బట్టి అడగొచ్చు.

డాక్టరు దగ్గరకు నీ పెళ్లినాటి ఫోటో తీసుకెళ్లు. నీ కన్ను మొదటినుంచీ ఎలా ఉండేదో ఆయనకు తెలియాలి. అపాయింట్‌మెంట్ తేదీ చెప్పు, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ