ఏ లింకూ నొక్కకుండానే ఫోన్ హ్యాక్ అవుతుందా? రీసెట్ కొడితే సరిపోతుందా?

బెంగళూరు మారతహళ్లి నుంచి మీరు అడిగింది ఇదీ: తెలియని నంబర్ నుంచి వాట్సాప్ మిస్డ్ కాల్ వచ్చింది, మర్నాటి నుంచి ఐఫోన్ వేడెక్కుతోంది, ఎస్పీ రోడ్డు షాపువాళ్లు రీసెట్ కొడితే పోతుందన్నారు.

ఇప్పుడే కొట్టించకండి. ఏం జరిగిందో చెప్పే ఆనవాళ్లు కూడా రీసెట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి.

ఏమీ నొక్కకుండా హ్యాక్ అవడం నిజమే. మెసేజ్ మీ కంటపడక ముందే ఫోన్ దాన్ని విప్పి ప్రివ్యూ సిద్ధం చేస్తుంది. దాడి జరిగేది అక్కడే. 2021లో బయటపడ్డ ఫోర్స్‌డ్ ఎంట్రీ అనే దాడి చూడండి: ఐమెసేజ్‌లో వచ్చిన ఫైల్ పేరుకు జిఫ్ బొమ్మ, లోపల పీడీఎఫ్. అందులో జేబిగ్2 అనే పాత స్కానింగ్ ఫార్మాట్‌ను విప్పే కోడ్ సైజు లెక్క తప్పడంతో, కేటాయించిన మెమరీ దాటి రాయడానికి వీలు దొరికింది. ఆ ఫార్మాట్‌లోని ఆదేశాలనే 70,000కు పైగా పేర్చి, దాడి చేసినవాళ్లు ఫోన్ లోపల ఒక చిన్న కంప్యూటర్‌లా పనిచేసేదాన్నే కట్టేశారు. యాపిల్ దాన్ని ఐఓఎస్ 14.8తో పూడ్చింది. 2019 నాటి వాట్సాప్ లోపానికి కాల్ ఎత్తాల్సిన పని కూడా లేదు. అదీ అప్పుడే సరిచేశారు.

కానీ వేడెక్కడం దీనికి రుజువు కాదు. ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి, ఏ యాప్ ఎక్కువ తింటోందో చూడండి. ఇంత ఖరీదైన దాడులు ఎక్కువగా జర్నలిస్టులు, లాయర్లు, రాజకీయ నాయకుల మీదే జరుగుతాయి. మామూలు ఇళ్లలో డబ్బు పోయేది ఆండ్రాయిడ్ ఫోన్లకు ట్రాఫిక్ చలాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల (నొక్కితే యాప్‌ను ఎక్కించే ఫైళ్ల) వల్ల. ఇంట్లో పెద్దవాళ్లకు ముందు ఆ సంగతి చెప్పండి.

అనుమానం బలంగా ఉంటే, రీస్టార్ట్ చేయకముందే రెండు వాల్యూమ్ బటన్లు, పక్క బటన్ కలిపి సుమారు ఒక సెకను నొక్కి వదలండి. ఎక్కువసేపు పట్టుకుంటే పవర్ ఆఫ్ తెర వస్తుంది. పది నిమిషాలయ్యాక ప్రైవసీలోని అనలిటిక్స్ డేటాలో సిస్‌డయాగ్నోజ్ పేరుతో, ఫోన్ లోపలి రికార్డులుండే పెద్ద ఫైల్ కనిపిస్తుంది, దాన్ని కంప్యూటర్‌కు పంపండి. తర్వాత కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్టెడ్ (పాస్‌వర్డ్‌తో తాళం వేసిన) బ్యాకప్ తీయండి. మామూలు బ్యాకప్‌లో కాల్ హిస్టరీ, సఫారీ హిస్టరీ రావు. పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి, మరిచిపోతే ఆ బ్యాకప్ తెరవలేరు. ఆ బ్యాకప్‌లో స్పైవేర్ (గూఢచర్య సాఫ్ట్‌వేర్) ఆనవాళ్లు వెతికే ఎంవీటీ టూల్ ఉచితం, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్లది, మ్యాక్ లేదా లినక్స్‌లో నడుస్తుంది. అది పోల్చేది తెలిసిన ఆనవాళ్లతోనే. అందుకని ఏమీ దొరకనంత మాత్రాన ఫోన్ శుభ్రంగా ఉందని కాదు.

ఆ తర్వాతే అప్‌డేట్, రీస్టార్ట్. 2023లో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ బయటపెట్టిన ట్రయాంగులేషన్ దాడిలోని స్పైవేర్ లాంటివి రీస్టార్ట్‌తో పోతాయి గానీ, లోపం పూడ్చకపోతే మళ్లీ ఒక మెసేజ్‌తో ఎక్కించగలరు. నిజంగా ముప్పున్నవాళ్లు ఐఫోన్ సెట్టింగ్స్‌లోని లాక్‌డౌన్ మోడ్ పెట్టుకోవాలి. మెసేజ్‌లలో చాలా రకాల అటాచ్‌మెంట్లు ఆగిపోతాయి, కొత్తవాళ్ల ఫేస్‌టైమ్ కాల్స్ రావు. ఆ ఇబ్బంది భరించదగ్గదే.

మీ ఫోన్‌పై స్పైవేర్ దాడి జరిగిందంటూ యాపిల్ హెచ్చరిక వచ్చిందనిపిస్తే మీరే బ్రౌజర్ తెరిచి యాపిల్ అకౌంట్‌లో లాగిన్ అవ్వండి, నిజమైతే పేజీ పైనే కనిపిస్తుంది. లింకు నొక్కమనో, యాప్ వేసుకోమనో అడిగితే అది యాపిల్ పంపింది కాదు.