బీపీ మాత్రలతో మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ వాడుతోంది. పై బీపీ 160 దాకా ఉంటోందని నెల క్రితం డాక్టర్ క్లోర్తాలిడోన్ కూడా కలిపారు. రెండు వారాలుగా బాగా నీరసంగా ఉంటోంది. అడిగిందే మళ్లీ అడుగుతోంది, మొన్న స్టవ్ ఆపడం మర్చిపోయింది. ఏళ్ల తరబడి బీపీ మాత్రలు వాడితే మెదడు దెబ్బతింటుందని బంధువులు అంటున్నారు. మాత్రలన్నీ ఆపేయమంటారా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నీ ఆపొద్దు. ఎనిమిదేళ్లుగా లేని తికమక రెండు వారాల్లో వచ్చిందంటే నా అనుమానం పాత మాత్రల మీద కాదు, కొత్తగా చేరినదాని మీదే.

క్లోర్తాలిడోన్‌ను నీటి మాత్ర అంటాం. ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో బయటకు పంపి బీపీ తగ్గిస్తుంది. మంచి మందే. కానీ పెద్ద వయసువాళ్లలో, అందులోనూ బక్కపలచని ఆడవాళ్లలో, మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఒక్కోసారి రక్తంలో సోడియం పడిపోతుంది. అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. తగ్గేకొద్దీ నీరసం, వికారం, నడకలో తూలు, మతిమరుపు కనిపిస్తాయి. మరీ పడిపోతే ఫిట్స్ రావచ్చు. ఇంట్లోవాళ్లేమో 'వయసు మీదపడింది కదా' అని ఊరుకుంటారు. అక్కడే ఆలస్యమవుతుంది.

మందు రాసిన డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేసి, ఆ ఒక్క మాత్ర ఆపాలా అని అడగండి. సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో సోడియం లాంటి లవణాలు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు వెంటనే చేయించండి. చాలా ల్యాబుల్లో అదే రోజు రిపోర్టు ఇస్తారు. ఈలోగా నీరసంగా ఉందని బలవంతంగా నీళ్లు తాగించకండి. సోడియం తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ నీళ్లు తాగితే అది ఇంకా తగ్గుతుంది. మీ అంతట మీరు ఉప్పు పెంచేయడమూ వద్దు. మగతగా పడుకుని సరిగ్గా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఫోన్లతో సరిపెట్టకుండా 108 పిలవండి.

ఇక మీ బంధువుల మాట. మెదడులోని సన్నటి రక్తనాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీసేది అదుపులో లేని బీపీ. అమెరికాలో జరిగిన స్ప్రింట్ అధ్యయనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 140 లోపు ఉంచినవాళ్లకంటే 120 లోపు లక్ష్యంగా వైద్యం చేసినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన స్వల్పంగా మందగించడం తక్కువగా కనిపించింది. పూర్తిస్థాయి డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు) విషయంలో మాత్రం తేడా కచ్చితంగా తేలలేదు. అలాగని అందరికీ 120 పట్టుకు కూర్చోమనను. లేచి నిలబడగానే కళ్లు తిరిగే పెద్దవాళ్లకు అది పడకపోవచ్చు. అమ్మకు ఒకసారి పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూపించండి. పై బీపీ 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే మోతాదులు మార్చాల్సి రావచ్చు.

మెదడు మీద కాస్త ప్రభావం చూపే బీపీ మందులు లేకపోలేదు. ప్రొప్రనోలాల్‌తో కొందరికి పీడకలలు వస్తాయి. క్లోనిడిన్ మత్తుగా ఉంచుతుంది, పైగా దాన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగిసిపడుతుంది. అమ్మ వాడుతున్న పాత మాత్రలు రెండూ ఈ కోవలోవి కావు.

సోడియం బాగానే ఉంటే బీ12, థైరాయిడ్ చూడాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 తగ్గే అవకాశం ఉంది. నిద్రమాత్రలుగానీ, జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలుగానీ వేసుకుంటున్నారేమో కనుక్కోండి. ఈ వయసులో అవి కూడా బుర్రను మందగింపజేస్తాయి. అమ్మ మందుల డబ్బా మొత్తం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.