హీలాక్‌లో మిగిలిన లిమిట్ ఎమర్జెన్సీ ఫండ్ కాదు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక సోదరి రాశారు. రెండేళ్లుగా చైనాలోని ఈవూ నుంచి బొమ్మలు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. లబూబూ అనే చైనా బొమ్మల పిచ్చి అమెరికా అంతా పాకాక వ్యాపారం ఊపందుకుంది. ఇంటి మీద తీసుకున్న హీలాక్‌లో, అంటే ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు ఇచ్చిన లిమిట్ దాకా కావలసినప్పుడల్లా తీసుకునే అప్పులో, 60 వేల డాలర్లు వాడేశారు, ఇంకో 40 వేల లిమిట్ మిగిలింది. దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) గొడవ సద్దుమణిగింది కదా, ఆ 40 వేలూ తీసి క్రిస్మస్‌కి సరుకు దింపమంటారా అని అడిగారు. చేతిలో ఉన్న డబ్బు ఒక నెల ఖర్చుకే వస్తుంది. "ఎమర్జెన్సీకి హీలాక్ ఉంది కదండీ" అని కూడా రాశారు.

వద్దమ్మా. ఆ 40 వేలతోనే సరుకు కొని, ఆ 40 వేలే ఆపదకి అడ్డుపడతాయని ఎలా అనుకున్నారు? ఇది మీ ఒక్కరి పొరపాటైతే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు, నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ మాట తరచూ కనిపిస్తోంది. హీలాక్ అప్పు. మీ ఆదాయం తగ్గిందనో ఇంటి విలువ పడిందనో బ్యాంకు ఆ లిమిట్‌ని ఆపేయవచ్చు, అంటే మీకు అవసరం పడిన రోజునే అది చేతికి రాకపోవచ్చు.

2025 ఏప్రిల్ ఒకసారి గుర్తు చేసుకోండి. చైనా సరుకు మీద అమెరికా సుంకం నెల మొదట్లో 34 శాతం అన్నారు, పది రోజులు తిరక్కుండా మొత్తం 145 శాతానికి చేరింది, మే 12న జెనీవాలో ఒప్పందం కుదిరి 30కి దిగింది. అక్టోబర్‌లో చైనా రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు బిగిస్తే, మర్నాడే ట్రంప్ ఇంకో 100 శాతం వేస్తానన్నారు. ఆ నెలాఖరుకే బుసాన్‌లో రాజీ, అదీ ఏడాదికే. మీరు ఆర్డర్ పెట్టి, సరుకు ఓడెక్కి, ఇక్కడ దిగేలోపు రేటు ఎన్నిసార్లు మారవచ్చో ఆలోచించండి.

ఆ సుంకం కట్టాల్సింది చైనా కాదు, దిగుమతి చేసుకున్న మీరు. అదీ ఒక్క బొమ్మ అమ్ముడుపోకముందే. 40 వేల డాలర్ల సరుకుకి 30 శాతమైతే 12 వేలు, 145 శాతమైతే 58 వేలు. ఆ రోజు ఎక్కడి నుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారా?

పైగా బొమ్మల మోజు మీద ఇల్లు తాకట్టు పెట్టడమేంటి? లబూబూ అమ్మే పాప్ మార్ట్ షేరే 2025 ఆగస్టులో శిఖరానికెక్కి ఏడాది చివరికి బాగా పడిపోయింది. మీవారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమన్నారు, లేఆఫ్ వచ్చిన నెలలోనే సరుకు గ్యారేజీలో ఆగిపోతే ఇంటి వాయిదా ఎవరు కడతారు?

వియత్నాం సరుకంటారా, దాని మీదా 2025లో 20 శాతం వేశారు. చిన్న పార్శిళ్లంటారా, చైనా నుంచి వచ్చేవాటికి 800 డాలర్ల లోపు సుంకం లేదన్న మినహాయింపు ఆ మే నెలలోనే పోయింది. ఊళ్లో పొలం మీద అప్పు తెచ్చి పంపుతానని మీ నాన్నగారు అన్నారట, దయచేసి ఆ మాట ఆయన దగ్గర మళ్లీ ఎత్తకండి.

ఉన్న సరుకు అమ్మండి, లాభం తగ్గినా సరే. ఇంటి వాయిదా, ఇన్సూరెన్స్, కారు, కిరాణా, పిల్లల ఖర్చు, హీలాక్ వడ్డీ నెలకి ఎంతో కాగితం మీద రాసి ఆరుతో గుణించండి, అదీ మీ ఎమర్జెన్సీ ఫండ్. అంత డబ్బు సేవింగ్స్ ఖాతాలో కనిపించేదాకా ఈవూకి కొత్త ఆర్డర్ పెట్టకండి. ఆ తర్వాత కూడా వచ్చిన లాభంతోనే కొనండి.